వాడి చేతికి పని చెప్పినవాళ్లు



మా ఊళ్లో ఒక మనిషి ప్రస్తావన వచ్చిందంటే ఇప్పటికీ అందరిదీ ఒకటే మాట. "వాడు చిన్నప్పటి నుంచీ అంతేనయ్యా. ఎప్పటికైనా ఎవడినో ఒకడిని చంపుతాడని మాకు అప్పుడే తెలుసు." టీ కొట్టు దగ్గర అంటారు, పెళ్లి పందిట్లో అంటారు. నాతో చదువుకున్నవాళ్లు అంటారు. మాకు పాఠాలు చెప్పిన అయ్యవార్లలో బతికున్నవాళ్లూ అంటారు. అతను మనిషిని చంపిన మాట నిజం. కోర్టు విచారించి యావజ్జీవ శిక్ష వేసింది. బళ్లో చదివే రోజుల్లో తోటి పిల్లల్ని హింసపెట్టిన మాటా నిజం. ఆ దెబ్బలు తిన్నవాళ్లలో నేనొకణ్ణి. అయితే ఈ రెండు నిజాలకూ మధ్య చాలా ఏళ్లున్నాయి. ఆ ఏళ్లలో ఏం జరిగిందో మాత్రం ఎవరూ మాట్లాడరు. ఈ వేళ నేను మాట్లాడదలచుకున్నది ఆ ఏళ్ల గురించే.

పేరు చెప్పను. మాది నెల్లూరు జిల్లా అని మాత్రం చెబుతాను. పడిన శిక్ష అనుభవించి బయటికి వచ్చిన మనిషి అతను. అతనికి పిల్లలున్నారు, వాళ్లకూ పెళ్లిళ్లయ్యాయి. చనిపోయిన వ్యక్తికీ కుటుంబం ఉంది. కేసులో చిక్కుకున్న పిల్లల పేరుగానీ, ఊరుగానీ, బడిగానీ ప్రచురించకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం నిషేధం పెట్టింది. అది మంచి నియమం. ఈ మనిషి చిన్ననాటి సంగతులకు ఆ చట్టం వర్తించకపోయినా, ఆ నియమాన్నే పాటిస్తాను.

మాది జిల్లా పరిషత్తు హైస్కూలు. పెంకుల కప్పు, పొడుగాటి వరండా, వెనకవైపు వేపచెట్లు, వాటి పక్కన మంచినీళ్ల తొట్టి. 1970ల చివరి రోజులు. ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష తప్పి తప్పి గట్టెక్కి, ఎనిమిదిలో మాతో వచ్చి కలిశాడు వాడు. మాకంటే తలెత్తు పొడుగు. అప్పటికే గొంతు మారింది. బియ్యం మిల్లులో బస్తాలు మోసే తండ్రి కొడుకు. ఆ తండ్రి కొట్టేవాడు, తాగితే మరీ కొట్టేవాడు. ఈ సంగతి అందరికీ తెలుసు. కాకపోతే ఆ రోజుల్లో కొట్టని తండ్రి ఎవరున్నారు? మా వీధిలో సగం ఇళ్లలో పిల్లలు దెబ్బలు తినే పెరిగారు. అందువల్ల అదొక్కటే కారణమని చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఇంటర్వెల్ గంట కొట్టగానే వాడు తొట్టి దగ్గర నిలబడేవాడు. నీళ్లు తాగాలంటే పది పైసలు ఇవ్వాలి. డబ్బుల్లేకపోతే పెన్సిలో, బొరుగుల ఉండో, ఏదో ఒకటి. ఏమీ లేనివాడి చెయ్యి పట్టుకుని, రెండు వేళ్ల మధ్య పెన్సిలు పెట్టి నొక్కేవాడు. ఆ నొప్పి తెలిసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. బొంగరం తాడు తొట్టి నీళ్లలో తడిపి పిక్కల మీద కొట్టేవాడు. నిక్కర్లు వేసుకునే వయసు కదా, వాతలు ఇంట్లో కనబడతాయి. "ఎక్కడిదిరా ఇది?" అని అమ్మ అడిగితే కంప గీసుకుందని చెప్పేవాళ్లం. అమ్మకు చెబితే నాన్నకు తెలుస్తుంది, నాన్న బడికి వస్తాడు, నాన్న వెళ్లిపోయాక మళ్లీ మేమూ వాడూ మిగులుతాం. ఈ లెక్క పిల్లలకు ఎవరూ నేర్పరు. వాళ్లకే తెలుస్తుంది.

దెబ్బ ఒక నిమిషంలో అయిపోతుంది. దాని కోసం ఎదురుచూడటం రోజంతా ఉంటుంది. మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా ఉండటం నేను ఆ ఏడాదే నేర్చుకున్నాను. ఇంటికి రెండు దారులుండేవి. దగ్గర దారి వాడి వీధి మీదుగా పోతుంది. రెండోది కాలవ కట్ట మీదుగా, కయ్యల గట్లు తొక్కుకుంటూ, చుట్టూ తిరిగి. వానాకాలం బురదలో కూడా నేను రెండో దారినే వెళ్లేవాణ్ణి. ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో తిప్పడం మొదలయ్యేది. నా పక్కన కూర్చునే పిల్లాడు సోమవారాల్లో బడికి వచ్చేవాడే కాదు. వాడికి వారం వారం జ్వరమని వాళ్లమ్మ నమ్మేది. ఇవన్నీ పెద్దవాళ్లకు చెప్పుకోదగ్గ కష్టాల్లా అనిపించవు. పన్నెండేళ్లవాడికి మాత్రం ప్రపంచమంటే అదే.

మా తరగతిలో నత్తి ఉన్న పిల్లాడొకడు ఉండేవాడు. మగ్గం నేసేవాళ్ల అబ్బాయి, బక్కపలచని వాడు. లెక్కల్లో మాత్రం అందరికంటే ముందే పూర్తిచేసి చేతులు కట్టుకుని కూర్చునేవాడు. వీడు వాణ్ణి తొట్టి దగ్గర నిలబెట్టి, "నీ పేరు చెప్పరా" అనేవాడు. వాడి పేరు మొదటి అక్షరమే వాడికి పలకదు. ఎక్కడ ఆగిపోతే అక్కడ ఒక దెబ్బ. మళ్లీ మొదటి నుంచి చెప్పమనేవాడు. చుట్టూ మూగినవాళ్లలో నవ్వేవాళ్లు నవ్వేవాళ్లు, నవ్వనివాళ్లు నేల చూపులు చూసేవాళ్లు. ఒక రోజు వాడు ఏడుస్తూ వరండా అరుగు ఎక్కి పారిపోబోతే వీడు వెనక నుంచి తోశాడు. ఆ పిల్లాడు అరుగు మీద నుంచి చెయ్యి ఒంటి కిందికి వచ్చేట్టు పడ్డాడు. మణికట్టు దగ్గర చెయ్యి వంకర తిరిగిపోవడం మేమందరం చూశాం.

మర్నాడు వాళ్ల నాన్న వచ్చాడు. పై పంచ చేతిలో పట్టుకుని, హెడ్మాస్టరు గది ముందు చాలాసేపు నిలబడ్డాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో కిటికీ పక్కనున్న మా తరగతికి వినబడింది. "పిల్లలన్నాక కొట్టుకుంటారు, పెద్దవాళ్లం మనం పట్టించుకుంటామా" అన్నారు హెడ్మాస్టరు. పిల్లాణ్ణి పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించారు. కట్టు విప్పాక చెయ్యి పూర్తిగా సరి కాలేదు. ఆ పిల్లాడు బడికి తిరిగి రాలేదు. ఇంట్లో మగ్గం గుంటలో కూర్చున్నాడు. రిజిస్టరులో కొన్నాళ్లు వాడి పేరు పిలిచారు, తర్వాత పిలవడం మానేశారు.

మణికట్టు విరగ్గొట్టినవాడికి ఏ శిక్ష పడిందని మీరు అడగవచ్చు. వాణ్ణి మా తరగతికి లీడరును చేశారు.

ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. ఆ రోజుల్లో బడి ఎలా నడిచేదో తెలిసినవాళ్లకు ఇందులో వింత కూడా కనబడదు. అరవై మంది పిల్లల తరగతి. అయ్యవారు రాని పీరియడ్లు బోలెడు. గోల చేయకుండా కూర్చోబెట్టాలంటే భయపెట్టేవాడు ఒకడు కావాలి. "బాధ్యత అప్పగిస్తే వాడే దారికి వస్తాడు" అని కూడా అన్నారు. మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయమని సుద్దముక్క ఇచ్చారు. తర్వాత బెత్తం ఇచ్చారు. ప్రశ్నకు జవాబు చెప్పినవాడి చేత, చెప్పలేనివాడి ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టించే అలవాటు మన బళ్లల్లో ఎంతకాలం నడిచిందో మీకు తెలుసు. ఇతనికి జవాబులు రావు. అయినా కొట్టే పని ఇతనికే వచ్చింది, చెయ్యి బరువని. మెల్లగా కొట్టిన పిల్లలకు తిరిగి దెబ్బలు పడేవి. ఇతనికి మాత్రం "శెభాష్" అని వచ్చేది. వేళ్ల మధ్య పెన్సిలు పెట్టి నొక్కడం కూడా వాడు సొంతంగా కనిపెట్టింది కాదు. మా అయ్యవారొకరు వేసే శిక్ష అది. వాడు చూసి నేర్చుకున్నాడు.

చదువులో ఎన్నడూ ఒక్క మంచి మాట వినని పిల్లాడు, తనకు చేతనైన పని ఒకటుందనీ, దానికి పెద్దవాళ్ల మెప్పు ఉంటుందనీ ఆ ఏడాది తెలుసుకున్నాడు.

పదో తరగతి తప్పాడు. మద్రాసు రోడ్డు మీద తిరిగే లారీల్లో కొన్నాళ్లు క్లీనరుగా పోయాడు. తర్వాత మళ్లీ ఊళ్లో కనబడ్డాడు. ఈసారి జీపులో. సారా కాంట్రాక్టరు జీపు అది.

ఈ తరం శ్రోతలకు ఆ సంగతి కొంచెం చెప్పాలి. అప్పట్లో సారా అమ్మే హక్కును ప్రభుత్వమే వేలం వేసేది. పాటలో ఎక్కువకు పాడినవాడికి ఆ ప్రాంతమంతా అమ్ముకునే హక్కు వచ్చేది. 1980ల్లో ప్యాకెట్లలో కూడా వచ్చింది, వారుణివాహిని అన్నారు దాన్ని. పాట పాడిన సొమ్ము రాబట్టుకోవాలంటే తన హద్దులోకి ఇంకొకరి సరుకు రాకూడదు, ఎవరూ సొంతంగా కాచుకోకూడదు, బాకీలు ఆగకూడదు. వీటికోసం కాంట్రాక్టర్లు మనుషుల్ని పెట్టుకునేవాళ్లు. చీకటి పడితే జీపులు తిరిగేవి. ఎక్సైజువాళ్లు చేయాల్సిన సోదాలు ఈ మనుషులే చేసేవాళ్లు. తాటితోపుల్లో బట్టీలు తగలబెట్టడం, కుండలు పగలగొట్టడం, దొరికినవాణ్ణి స్తంభానికి కట్టేయడం. వీటికి జీతం, భోజనం, రోజూ తాగినంత సారా. పదో తరగతి తప్పిన కుర్రాడికి ఊళ్లో ఇంకెవరూ అంత జీతం ఇవ్వరు.

అతనిలో ఏం ఉందో బడికి కొంత తెలిసింది. కాంట్రాక్టరుకు బాగా తెలిసింది. తేడా అంతే.

1980ల నడుమ, మా పక్క ఊళ్లో బయటి సారా అమ్ముతున్నాడని ఒక నడివయసు మనిషిని రాత్రిపూట పట్టుకున్నారు. కర్రలతో కొట్టారు. తెల్లవారేసరికి నెల్లూరు పెద్దాసుపత్రిలో ఆ మనిషి ప్రాణం పోయింది. జీపులో వెళ్లినవాళ్ల మీద హత్య కేసు పెట్టారు. మొదట కర్ర ఎత్తింది ఇతనేనని సాక్షులు చెప్పారు. శిక్ష పడింది. మరణశిక్షకు కూడా అవకాశమున్న నేరంలో యావజ్జీవం పడితే, కనీసం పద్నాలుగేళ్లు జైల్లో ఉండక తప్పదని 1978లో నేర విచారణ చట్టంలో కొత్త నిబంధన చేర్చారు. అతను ఆ కాలమంతా లోపలే గడిపాడు. ఛార్జిషీటులో కాంట్రాక్టరు పేరు లేదు.

అతను లోపల ఉండగానే బయట నెల్లూరు జిల్లా మారిపోయింది. రాత్రి బళ్లలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు 1992లో దూబగుంటలో సారా కొట్టు మూయించారు. ఆ మాట ఊరూరా పాకింది. చీపుర్లూ కారప్పొడీ పట్టుకుని కాంట్రాక్టరు జీపులకు ఎదురు నిలబడ్డారు. ఏ కర్రలను చూసి మగవాళ్లు తలుపులు వేసుకున్నారో ఆ కర్రలు ఆడవాళ్లను చూసి వెనక్కి తిరిగాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. ఇతనికి జీతమిచ్చిన పెద్దమనిషి అప్పటికే ఇంకో వ్యాపారంలోకి మారాడు. ఊళ్లో గుడికి మండపం కట్టించాడు, దాని మీద ఆయన పేరు ఉంది. "చిన్నప్పటి నుంచీ అంతే" అని ఆయన్ని ఎవరూ అనరు.

ఇక్కడొక మాట స్పష్టంగా చెప్పాలి. అతని నేరాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దడం నా ఉద్దేశం కాదు. ఒక మనిషిని చనిపోయేదాకా కొట్టింది అతను. ఆ ఇంట్లో భార్యాపిల్లలు దిక్కులేనివాళ్లయింది అతని చేతుల్లో. మా బళ్లో బెత్తం ఇవ్వకపోయినా, జీపులో ఉద్యోగం దొరకకపోయినా అతను బుద్ధుడయ్యేవాడని నేను అనను. పడిన శిక్ష న్యాయమైనదే. నాకు అభ్యంతరం ఒక్కటే. "మాకు అప్పుడే తెలుసు" అనే మాట. తెలిస్తే బెత్తం ఎందుకిచ్చారు?

అసలు ఆ మాట నిజమేనా అన్నది కూడా ఆలోచించాలి. నేను ఉపాధ్యాయుడినయ్యాక దీని మీద దొరికినంత చదివాను. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో లీ రాబిన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక పని చేశారు. పిల్లల మానసిక చికిత్సాలయానికి ఒకప్పుడు వచ్చిన 524 మంది పాత దస్త్రాలు తీసి, ముప్పై ఏళ్ల తర్వాత వాళ్లంతా ఏమయ్యారో వెతికి పట్టుకున్నారు. 1966లో ఆ ఫలితాలు పుస్తకంగా వచ్చాయి. ఆమె, ఆ దారిలో ఆమె వెనక నడిచినవాళ్లు తేల్చిన సంగతి ఇది. పెద్దయ్యాక తీవ్రంగా నేరప్రవృత్తిలో పడినవాళ్ల చిన్నతనం తవ్వి చూస్తే దాదాపు అందరిలోనూ దౌష్ట్యం కనబడింది. అదే చిన్నతనం నుంచి ముందుకు చూస్తే, అలాంటి పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యాక అలా కాలేదు.

రెండూ ఒకేసారి నిజం. మా ఊరివాళ్లు జైలు దగ్గర నిలబడి వెనక్కి చూస్తున్నారు. అక్కణ్ణించి చూస్తే దారి తిన్నగా తొట్టి దగ్గరికే వస్తుంది. నేను తొట్టి దగ్గర నిలబడి ముందుకు చూడమంటున్నాను. అక్కణ్ణించి దారులు చాలా ఉన్నాయి. మా బళ్లోనే ఇతనికి ముందు ఇంకో ఇద్దరు అలాంటివాళ్లుండేవారు. ఒకడు కరెంటు లైన్‌మన్ అయి, తుపాను రాత్రి స్తంభమెక్కి పనిచేసి అందరిచేతా మంచి అనిపించుకున్నాడు. ఇంకొకడు గల్ఫ్‌కు పోయి వచ్చి ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు. వాళ్ల గురించి "చిన్నప్పుడే తెలుసు" అని ఎవరూ చెప్పుకోరు. చెప్పుకోవడానికి అక్కడ కథేమీ లేదు.

ముప్పు లేదని కాదు. బడి పిల్లల దౌర్జన్యం మీద మొట్టమొదట గట్టిగా పరిశోధన చేసినవాడు డాన్ ఒల్వేయస్. స్వీడన్‌లో పుట్టి నార్వేలో పనిచేశారు. 1982 చివర్లో ఉత్తర నార్వేలో ముగ్గురు బాలురు ప్రాణం తీసుకున్నారు. తోటి పిల్లలు పెట్టిన హింసే కారణమని అనుకున్నారు. దేశం నిర్ఘాంతపోయింది. మరుసటి ఏడాది ప్రభుత్వం అన్ని బళ్లల్లోనూ ఉద్యమంలా పని మొదలుపెట్టింది. దానికి ఒల్వేయస్ పనే ఆధారమైంది. ఆయన లెక్క ఒకటి చెబుతాను. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా ఇతరుల్ని కొడుతూ ఏడిపిస్తూ ఉన్నారని తేలిన బాలుర్లో ఇరవై నాలుగేళ్లు వచ్చేసరికి సుమారు 60 శాతం మందికి ఏదో ఒక నేరంలో శిక్ష పడింది. మూడు, అంతకంటే ఎక్కువసార్లు శిక్ష పడినవాళ్లు 35 నుంచి 40 శాతం. అలాంటి నడత లేని బాలుర్లో అది 10 శాతమే.

ఈ లెక్కను నేను జాతకంలా చదవను. హెచ్చరికలా చదువుతాను. ఎనిమిదో తరగతిలో తోటివాడి చెయ్యి విరగ్గొట్టిన పిల్లాడు కనబడితే, అది పిల్లల కొట్లాట అని తోసేయడానికి వీల్లేదని ఆ అంకెలు చెబుతున్నాయి. దెబ్బలు తిన్నవాడికే కాదు, కొట్టేవాడికి కూడా ఆ రోజు ఒక పెద్ద మనిషి అవసరం. మా బళ్లో ఆ అవసరం తీరింది, కానీ తలకిందులుగా.

దెబ్బలు తిన్నవాళ్ల మాటకు వద్దాం. మన దగ్గర రౌడీ కథ చెప్పేవాళ్లు చాలామంది. వాడి చిన్నతనం, వాడి కోపం, వాడి పతనం. సినిమాలు కూడా వాడి మీదే. వాడి చేతిలో దెబ్బలు తిని బడి మానేసినవాడి మీద ఒక్క సినిమా తీయరు. అలాంటివాళ్లు ఏమవుతారో చూసిన పరిశోధన మాత్రం ఉంది. బ్రిటన్‌లో 1958 మార్చిలో ఒకే వారంలో పుట్టిన వేలమంది పిల్లల్ని పుట్టినప్పటి నుంచీ గమనిస్తూ వచ్చారు. ఏడేళ్లప్పుడు, పదకొండేళ్లప్పుడు తోటివాళ్లు ఏడిపిస్తున్నారా అని తల్లిదండ్రుల్ని అడిగి రాసుకున్నారు. ఆ పిల్లలకు యాభై ఏళ్లు వచ్చేదాకా ఆగి 2014లో ఫలితాలు ప్రకటించారు. తరచుగా హింసకు గురైనవాళ్లలో దిగులు, ఆందోళన ఎక్కువ. చదువు తక్కువ, సంపాదన తక్కువ, పక్కన తోడుగా ఉండే మనుషులూ తక్కువ. నాలుగు దశాబ్దాల తర్వాత కూడా.

ఆ నేతపని అబ్బాయిని నేను చాలా ఏళ్లకు కలిశాను. ఒక పెళ్లికి చీరలు కొనడానికి వాళ్ల ఊరు వెళితే, మగ్గం దగ్గర కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. నత్తి కొంచెం తగ్గింది. మణికట్టు ఇప్పటికీ కాస్త పక్కకే ఉంటుంది. మంచి పనివాడని ఊళ్లో పేరు. జరీ అంచు లెక్కలు కాగితం లేకుండా మనసులోనే వేసుకుంటాడని అక్కడివాళ్లు చెప్పారు. నాకు వెంటనే మా లెక్కల పీరియడ్ గుర్తొచ్చింది. కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి మాట్లాడాడు.

"వాడు జైలుకు పొయినప్పుడు మా అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. నాకేమీ అనిపించలేదబ్బయ్యా" అన్నాడు.

"బడి ఎందుకు మానేశావు? చెయ్యి బాగయ్యాక రావచ్చు కదా" అన్నాను.

"బడి నుంచి ఎవరన్నా వస్తారని చూశా. దసరా సెలవులు అయ్యేదాకా చూశా. అయ్యోరు వస్తే బాగుండు, 'రారా, నీ పక్కన నేనుంటా' అంటే పోదామనుకున్నా. ఎవరూ రాలా. ఇంక మా నాయన మగ్గంలో కూర్చోమన్నాడు."

ఆ మాట చెప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఆగిన చోట ఆగాడు. నేను తొందరపెట్టలేదు.

రెండో మనిషిని కూడా కలిశాను, జైలు నుంచి వచ్చిన కొన్నాళ్లకు. సముద్రం వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలాదారుగా చేరాడు. రాత్రంతా గుంటల మీద తిరగడం, దొంగలు రాకుండా చూడటం. చేతిలో మళ్లీ కర్రే. అతన్ని పనిలో పెట్టుకున్నవాళ్లకు అతని పాత చరిత్ర తెలుసు. తెలిసే పెట్టుకున్నారు. ఆర్టీసీ బస్టాండులో నన్ను అతనే గుర్తుపట్టి పలకరించాడు.

"ఏం అబ్బయ్యా, బాగుండావా? అయ్యోరివి అయినావంట కదా."

భయం వేయలేదు. కానీ నా కాళ్లు అరడుగు వెనక్కి వేశాయి. అతను చూశాడో లేదో తెలియదు. పక్కనే బల్ల మీద కూర్చున్నాం. వయసు మీద పడి, భుజాలు కుంగి, మాట నెమ్మదించింది. నేతపని అబ్బాయి పేరు చెప్పి, గుర్తున్నాడా అని అడిగాను. కొంచెం ఆలోచించాడు. "చెయ్యి ఇరిగినోడా? మొహం గుర్తు రాలా" అన్నాడు. అబద్ధం చెప్పినట్టు అనిపించలేదు. బడి గురించి ఇంకేం గుర్తుందని అడిగాను. మొహం వెలిగింది. "డ్రిల్లు అయ్యోరు నాకు బెత్తమిచ్చి పొయ్యేవాడు కదా. నేను వరండాలో నడస్తావుంటే క్లాసంతా గప్‌చుప్. హెడ్మాస్టరు కూడా అనేవాడు, నువ్వుంటే మాకు దిగుల్లేదురా అని."

అంత పెద్ద జీవితంలో, పెద్దవాళ్లు అతన్ని మెచ్చుకున్న మాటలు అవే. అతను వాటిని దాచుకున్నాడు.

అతన్ని క్షమించావా అని నన్ను అడిగినవాళ్లున్నారు. నా పిక్కల మీద వాతలు ఎప్పుడో పోయాయి. ఆ ప్రశ్న అడగాల్సింది మగ్గం దగ్గర కూర్చున్న మనిషిని, పక్క ఊళ్లో తండ్రి లేకుండా పెరిగిన పిల్లల్ని. వాళ్ల తరఫున నేను జవాబు చెప్పలేను.

ఇప్పుడు చట్టాలు మారాయి. 2010 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షను, పిల్లల్ని శారీరకంగా శిక్షించడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. పిల్లాడి చేత పిల్లాణ్ణి కొట్టించడం కూడా శిక్షే. కాలేజీల్లో ర్యాగింగుకు వ్యతిరేకంగా మన రాష్ట్రంలో 1997లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. బళ్ల విషయంలో మాత్రం అంత పట్టుదల కనబడదు. అది నాకు బాధ కలిగిస్తుంది. పద్దెనిమిదేళ్లవాడిని ఏడిపిస్తే పోలీసు కేసు. పదేళ్లవాడిని ఏడిపిస్తే మాత్రం పెద్దల నోట ఇప్పటికీ అదే పాత మాట, పిల్లలన్నాక కొట్టుకుంటారని. పదేళ్లవాడికి ఎదురు తిరగడం ఇంకా కష్టం, చెప్పుకోవడం ఇంకా కష్టం.

చట్టం కంటే నాకు ఎక్కువ ధైర్యమిచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. కెనడాలోని టొరంటోలో పరిశోధకులు బడి ఆటస్థలాల్లో కెమెరాలు పెట్టి, పిల్లలకు చిన్న మైకులు తగిలించి, గొడవలు జరిగే తీరు గమనించారు. 2001లో ఆ వివరాలు అచ్చయ్యాయి. ఏడిపించే సంఘటనల్లో నూటికి 88 సార్లు చుట్టూ తోటి పిల్లలు ఉన్నారు. వాళ్లలో ఎవరైనా అడ్డుపడింది 19 సార్లే. అడ్డుపడ్డ సందర్భాల్లో సగానికి పైగా, పది సెకన్లలో ఆ గొడవ ఆగిపోయింది. పది సెకన్లు! అడ్డుపడినవాళ్లు వస్తాదులు కారు, తోటి ఈడు పిల్లలే. ఫిన్లాండులో క్రిస్టీనా సాల్మివల్లి అనే ఆచార్యురాలు ఈ చుట్టూ నిలబడేవాళ్ల మీదే దృష్టి పెట్టారు. నవ్వేవాళ్లు, వంత పాడేవాళ్లు, నేల చూపులు చూసేవాళ్లు, అడ్డుపడేవాళ్లు, ఎవరి పాత్ర ఏమిటో విడదీసి చూపించారు. కొట్టేవాడికి బలం అతని చేతిలో కంటే చుట్టూ ఉన్న నవ్వులో ఎక్కువ ఉందని ఆమె పని చెబుతుంది. ఆ దేశంలో కీవా అనే పేరుతో బళ్లల్లో దాన్నే పాఠంగా చెబుతున్నారు.

నేను ఉద్యోగంలో ఉండగా ఒక్క పని పట్టుబట్టి చేశాను. నా తరగతిలో లీడరుకు బెత్తం ఇవ్వలేదు, పేర్లు రాసే పని ఇవ్వలేదు. చేతి బలం ఉన్న పిల్లాడు కనబడితే వాణ్ణి చెడుగుడు జట్టుకు పంపించాను, బస్తాలు దించేటప్పుడు ముందు వాణ్ణే పిలిచాను, మొక్కలకు నీళ్లు తోడమన్నాను. పని బాగా చేస్తే అందరి ముందూ మెచ్చుకున్నాను. అందరూ మారిపోయారని చెప్పను. కొందరు మారలేదు. అయితే కొట్టినందుకు మెప్పు పొందిన పిల్లాడు మాత్రం నా తరగతిలో లేడు.

ఈ ప్రసంగం వింటున్న తల్లిదండ్రులకు ఒక నంబరు చెబుతాను: 1098. పిల్లల సహాయం కోసం ఏర్పాటు చేసిన ఉచిత ఫోను అది. రాత్రీ పగలూ ఎప్పుడైనా చేయవచ్చు, పిల్లలే స్వయంగా చేయవచ్చు. మీ పిల్లాడు దగ్గర దారి వదిలేసి చుట్టుతిరుగుడు దారిలో ఇంటికి వస్తున్నాడా, సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే చెంబెడు నీళ్లు గటగటా తాగుతున్నాడా, సోమవారం పూట తరచుగా కడుపునొప్పి అంటున్నాడా, గమనించండి. తిట్టకుండా అడగండి. చెప్పాక ఒంటరిగా బడికి పంపకండి, తోడు వెళ్లండి, మర్నాడు కూడా వెళ్లండి.

ఉపాధ్యాయులకు ఇంకొక్క మాట. రేపు ఇంటర్వెల్ గంట కొట్టాక స్టాఫ్ రూములోకి వెళ్లేముందు మీలో ఒకరు బయట నిలబడండి. నీళ్ల దగ్గర, మరుగుదొడ్ల వెనక, సైకిళ్లు పెట్టే చోట. రెండు వారాలుగా బడికి రాని పిల్లాడు ఎవరైనా ఉంటే ఈ ఆదివారం వాళ్లింటికి వెళ్లి రండి.